ఇంట్లో లెమన్ కర్డ్: మన నిమ్మకాయలకి కుదిరిన కొలతలు (ప్రాజెక్టు డైరీ)

నిమ్మరసం, గుడ్లు, పంచదార, వెన్న. లెమన్ కర్డ్‌లో పడేవి ఈ నాలుగే. పాలూ పెరుగూ ఏమీ ఉండవు. ఇంగ్లండ్‌లో బ్రెడ్డుకీ స్కోన్లకీ (చిన్న బన్నుల్లాంటివి) రాసుకోవడానికి, టార్టుల్లో (గిన్నెలా కాల్చిన పిండి అప్పాల్లో) నింపడానికి చేసుకుంటారు. అక్కడి కొలతలన్నీ పెద్ద పసుప్పచ్చ లెమన్ని దృష్టిలో పెట్టుకుని రాసినవే: రెండు కాయల రసం, ఆ రెండింటి తొక్క తురుము, మూడు గుడ్లు. మన బజార్లో గూడూరు, పొదలకూరు, నకిరేకల్ వైపు నుంచి వచ్చే కాగ్జీ నిమ్మ వేరే రకం. కాయ చిన్నది, తొక్క పల్చన, వాసన ఘాటు. మన గుడ్డు కూడా వాళ్ల గుడ్డు కంటే చిన్నదే. కాయల లెక్కన చేస్తే ఒక వాయి నీళ్లలా, ఇంకో వాయి ముద్దలా వస్తుంది. అందుకని ఇక్కడ అన్నీ గ్రాముల్లో, డిగ్రీల్లో రాస్తున్నాను. హైదరాబాదులో, మామూలు గ్యాస్ పొయ్యి మీద చేసిన పని ఇది. పాడైన వాయిల కొలతలు కూడా తీసెయ్యకుండా ఉంచాను. ఎక్కడ ఆగాలో తెలిసేది వాటి నుంచే.

సామాను

1. ఒక గ్రాము దాకా చూపించే డిజిటల్ కాటా
2. పొడుగు ముల్లున్న డిజిటల్ థర్మామీటర్
3. మందపాటి స్టీలు గిన్నె, అది పైన కూర్చునేంత మూతి ఉన్న ఇంకో గిన్నె
4. సిలికాన్ గరిట (చెక్క గరిటకి పాత తాలింపుల వాసన పట్టి ఉంటుంది)
5. టీ వడపోసేదాని కంటే కొంచెం పెద్ద స్టీలు జాలీ
6. సన్న పళ్ల గ్రేటర్
7. చిక్కదనం చూడటానికి స్టీలు పళ్లెం, అడుగు స్కేలు

చివరిది అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చింది. రాత్రంతా ఫ్రిజ్‌లో ఉన్న కర్డ్ ఒక చెంచా తీసి పళ్లెం అంచు దగ్గర వేసి, ఆ పళ్లాన్ని గోడకి ఏటవాలుగా ఆనించి, అర నిమిషంలో ఎన్ని సెంటీమీటర్లు జారిందో కొలిచాను. పళ్లెం ప్రతిసారీ అదే, వాలు కూడా అదే. కింద "జారుడు" అని రాసినచోటల్లా ఈ కొలతే. బ్రెడ్డు మీద రాయడానికి 3 సెం.మీ. అటూ ఇటూ ఉంటే బాగుంటుంది. ఆరు దాటితే బ్రెడ్డు అంచుల్లోంచి కారిపోతుంది.

నిమ్మకాయల లెక్క

పండిన పసుపు కాయలు 12 తీసుకుంటే మొత్తం 520 గ్రాములు తూగాయి. ఆరింటిని పిండే మిషన్‌తో, ఆరింటిని చేత్తో పిండాను.

1. మిషన్‌తో: 104 గ్రాముల రసం
2. చేత్తో: 90 గ్రాముల రసం

మిషన్‌తో పద్నాలుగు గ్రాములు ఎక్కువ వచ్చింది కానీ ఆ రసం మీద సన్నటి నూనె తెట్టు తేలింది. గింజలు కూడా కొన్ని చితికాయి. రెండు రసాల్నీ చెరో గ్లాసులో మూతపెట్టి మర్నాడు రుచి చూశాను. మిషన్ రసం గొంతులో చేదు తగిలింది, చేతి రసం మామూలు పులుపే. చేదు వెంటనే తెలియదు, నిలవ ఉన్నకొద్దీ బయటపడుతుంది. కర్డ్ వారం పైన ఫ్రిజ్‌లో ఉండే వస్తువు కాబట్టి ఇది చిన్న విషయం కాదు. అక్కడి నుంచి అన్ని వాయిలకీ చేతి రసమే, గింజలు జాలీలో తీసేసి. కాయకి సుమారు 15 గ్రాములు అనుకుంటే లెక్క తప్పదు. ఆకుపచ్చగా గట్టిగా ఉన్న కాయలు వద్దు. రసం తక్కువ, తొక్క చేదు ఎక్కువ.

గుడ్లు కూడా తూచాను. పెంకు లేకుండా ఒక్కోటి 46 గ్రాముల దగ్గర వచ్చింది. అందులో పచ్చసొన 15.

నేరుగా సెగ మీద చేసిన వాయి

కొలత: రసం 100 గ్రా., పంచదార 200 గ్రా., గుడ్లు 3, ఉప్పు లేని వెన్న 100 గ్రా. అన్నీ ఒకేసారి గిన్నెలో వేసి, చిన్న బర్నర్ మీద సన్న సెగన తిప్పడం. చాలాచోట్ల రాసేది ఈ పద్ధతే.

నాలుగో నిమిషానికి గిన్నె మధ్యలో, సరిగ్గా మంట తగిలేచోట, తెల్లటి పోగులు లేచాయి. అంచుల దగ్గర మిశ్రమం ఇంకా నీళ్లలాగే ఉంది. థర్మామీటర్ అంచున పెడితే 58, అడుగున మధ్యలో పెడితే 80 దాటింది. ఒకే గిన్నెలో ఇరవై డిగ్రీలకి పైగా తేడా ఉంటే గరిట ఎంత వేగంగా తిప్పినా ఒరిగేదేం లేదు. వడపోస్తే జాలీలో 38 గ్రాముల గుడ్డు పొరటు మిగిలింది. కిందికి దిగినది చూడటానికి నున్నగానే ఉన్నా నీచు వాసన కొట్టింది. తెల్లసొన మితిమీరి వేడెక్కితే గంధకం వాసన వదులుతుంది. ఒకసారి వచ్చాక అది వడపోసినా పోదు, ఎంత వెనీలా వేసినా అణగదు.

ఇంకో సంగతి. ఇంత పంచదార అక్కర్లేదు. అందులోనూ మన పంచదార పలుకు పెద్దది, కరగడానికి టైము పడుతుంది. కరిగేదాకా సెగ మీద ఉంచేసరికి గుడ్డు ఉడికిపోతోంది. తర్వాతి వాయి నుంచి పంచదారని మిక్సీలో ఒక్క తిప్పు తిప్పి వేశాను.

*ఇప్పటిదాకా: నిమ్మకాయలు 7, గుడ్లు 3, పంచదార 200 గ్రా., వెన్న 100 గ్రా. పనికొచ్చిన కర్డ్: లేదు.*

ఆవిరి మీద, సత్తు గిన్నెలో

నేరు సెగ మానేసి, కింది గిన్నెలో రెండు వేళ్ల ఎత్తు నీళ్లు పోసి, పైగిన్నె అడుగు నీళ్లకి తగలకుండా పెట్టాను. కొలత తగ్గించాను: రసం 60, పంచదార 100, గుడ్లు 2, వెన్న 60. పైన సరిగ్గా కూర్చునే గిన్నె సత్తుదే దొరికింది.

వేడి సమంగా ఎక్కింది. థర్మామీటర్ 82 చూపించేదాకా ఉంచాను. అయినా చివర్లో సన్న రవ్వలా విరిగింది. రంగు కూడా పసుపు తగ్గి కొంచెం బూడిదగా మారింది. నాలుక మీద నాణెం పెట్టుకున్నట్టు లోహపు రుచి.

రెండింటికీ కారణాలు వేరు. రుచి గిన్నెది. నిమ్మరసం పులుపు అల్యూమినియాన్ని తింటుంది. పులుసు, చింతపండు వంటలు సత్తు గిన్నెలో వండొద్దని పెద్దవాళ్లు చెప్పేది ఇందుకే. విరగడానికి మాత్రం కారణం థర్మామీటర్. ఐస్ ముక్కలు నిండుగా వేసిన నీళ్లలో పెడితే సున్నా రావాలి, మైనస్ 2 చూపించింది. మరిగే నీళ్లలో 96 చూపించింది. ఇక్కడ 100 రాదు. హైదరాబాదు సముద్రమట్టానికి 500 మీటర్లకి పైన ఉంది కాబట్టి నీళ్లు 98 దగ్గరే మరుగుతాయి. అంటే థర్మామీటర్ ప్రతిచోటా రెండు డిగ్రీలు తక్కువ చెబుతోంది. నేను 82 అనుకున్నది నిజానికి 84. విశాఖలోనో మచిలీపట్నంలోనో ఉన్నవాళ్లయితే మరిగే నీళ్లలో 100కే సరిచూసుకోండి. కొత్త థర్మామీటర్ అయినా ఈ రెండు పరీక్షలూ చేశాకే గుడ్డులో ముంచండి. ఈ వంటలో రెండు డిగ్రీలంటే చాలా ఎక్కువ.

*ఇప్పటిదాకా: నిమ్మకాయలు 11, గుడ్లు 5, పంచదార 300 గ్రా., వెన్న 160 గ్రా. పనికొచ్చిన కర్డ్: లేదు.*

స్టీలు గిన్నె, 78 డిగ్రీలు

కొలత అదే. మార్చినవి రెండు: గిన్నె స్టీలు, ఆపే వేడి సరిచేసిన లెక్కలో 78.

వేడి ఎక్కిన తీరు రాసుకున్నాను, ఎవరికైనా పనికొస్తుంది.

1. మూడో నిమిషం: 48. పైన నురగ నిండుగా ఉంది.
2. ఆరో నిమిషం: 63. నురగ తగ్గుతోంది, మిశ్రమం ఇంకా పల్చనే.
3. ఎనిమిదో నిమిషం: 71. గరిట లాగితే గిన్నె అడుగు ఒక్క క్షణం కనిపించి మూసుకుపోతోంది.
4. పదో నిమిషం: 76. నురగ పూర్తిగా పోయింది, పైన నిగారింపు వచ్చింది.
5. పదకొండో నిమిషం: 78. దించేశాను.

గుడ్డు ఒక్కటే అయితే ఇంత వేడికి ముందే గట్టిపడిపోతుంది. పంచదార దాన్ని ఆపుతుంది, గట్టిపడే వేడిని పైకి జరుపుతుంది. పులుపు దానికి ఎదురు పని చేస్తుంది, త్వరగా గట్టిపడేలా చేస్తుంది. పంచదారని అడ్డదిడ్డంగా తగ్గిస్తే కర్డ్ ఉన్నట్టుండి విరగడానికి కారణం అదే. గుడ్డు పదార్థాలకి 71 దాటితే క్షేమం అని చెప్పే లెక్క కూడా ఇక్కడ తీరిపోతుంది. పైగా 71 నుంచి 78 మధ్య నెమ్మదిగా మూడు నిమిషాలు గడుస్తాయి.

నురగ పోవడం నమ్మదగిన గుర్తు. థర్మామీటర్ లేనివాళ్లు దాన్నే చూడొచ్చు: నురగ ఉన్నంతసేపూ ఇంకా ఉడకాలి, నురగ పోయి నిగారింపు వచ్చిన నిమిషంలోపు దించాలి.

వడపోస్తే జాలీలో రెండు గ్రాములు కూడా మిగల్లేదు. నీచు వాసన లేదు. జారుడు మాత్రం 6 సెం.మీ. రుచి కుదిరింది, చిక్కదనం కుదరలేదు.

*ఇప్పటిదాకా: నిమ్మకాయలు 15, గుడ్లు 7, పంచదార 400 గ్రా., వెన్న 220 గ్రా. పనికొచ్చిన కర్డ్: ఒక చిన్న సీసా, పల్చన.*

పచ్చసొన ఎంత?

చిక్కదనానికి కార్న్‌ఫ్లోర్ కలిపేవాళ్లున్నారు. నాకు ఆ దారి నచ్చలేదు. నాలుక మీద పిండి తెలుస్తుంది, నిమ్మ వాసన మందగిస్తుంది. అందుకని పచ్చసొనలతో ప్రయత్నం.

ఒట్టి పచ్చసొనలు 5 (75 గ్రా.), మిగతావి అవే. జారుడు 1.5 సెం.మీ. చెంచా నిలబడేంత గట్టి. కానీ రుచిలో నిమ్మ వెనక్కి పోయి, గుడ్డూ వెన్నా ముందుకొచ్చాయి. టార్టు కోసి ముక్కలు పెట్టేవాళ్లకి ఇదే సరైనది. రొట్టె మీదకి బరువు. మిగిలిన తెల్లసొనలు ఉల్లిపాయ, పచ్చిమిర్చి వేసి పొరటు చేశాను.

తర్వాత ఒక గుడ్డు, రెండు పచ్చసొనలు, మొత్తం 76 గ్రాములు. పంచదార 90కి, వెన్న 50కి తగ్గించాను. జారుడు 3 సెం.మీ. పులుపు ముందు, తీపి వెనక, చివర్లో వెన్న. నాకు కావలసింది ఇదే. అన్ని వాయిల్లోకీ నేను మళ్లీ మళ్లీ చెంచా పెట్టింది దీంట్లోనే.

మన ఫారం గుడ్ల పచ్చసొన లేత రంగు కాబట్టి కర్డ్ లేత పసుపులో వస్తుంది. బొమ్మల్లో కనిపించే గాఢమైన రంగు కోసం ఫుడ్ కలర్ వెయ్యకండి, అవసరం లేదు. నాటుకోడి గుడ్లు దొరికితే రంగు బాగా వస్తుంది కానీ అవి చిన్నవి. తప్పనిసరిగా తూచి వెయ్యాలి.

ఏ వెన్న?

ఈ వాయినే వెన్న కలపక ముందు రెండు భాగాలు చేశాను. ఒకదాంట్లో ప్యాకెట్ ఉప్పు లేని వెన్న 25 గ్రా., రెండోదాంట్లో ఇంట్లో పెరుగు చిలికి తీసిన వెన్న 25 గ్రా.

ఇంటి వెన్న రుచి అద్భుతం. ఆ కమ్మదనం ప్యాకెట్‌లో రాదు. కానీ దాంట్లో నీళ్లు ఎక్కువ, మజ్జిగ పులుపు కొంత ఉంటుంది. జారుడు 4.5కి పెరిగింది, మర్నాటికి సీసాలో పైన పల్చటి నీటి పొర చేరింది. వెన్నని చల్లటి నీళ్లలో బాగా పిసికి కడిగి, పల్చటి గుడ్డలో కాసేపు వేలాడదీస్తే చాలావరకు సర్దుకుంటుంది. రెండు రోజుల్లో తినేసేటట్టయితే నేను ఇంటి వెన్నకే ఓటేస్తాను. నిలవకి ప్యాకెట్ వెన్న. బ్రెడ్డుకి రాసుకునే ఉప్పు వెన్న మాత్రం వద్దు. ఈ పులుపు మీద ఆ ఉప్పు ఎక్కువైపోతుంది. నెయ్యి ఒక చెంచాడు కర్డ్‌లో కలిపి చూశాను. ఫ్రిజ్‌లో పలుకులు కట్టింది, వాసన మొత్తం నెయ్యిదే అయిపోయింది.

వెన్న ఎప్పుడు వెయ్యాలన్నదీ తేలింది. మొదట్లోనే వేస్తే కరిగి పైన తేలుతుంది. దించి, 60 డిగ్రీలకి చల్లారాక చిన్న ముక్కలుగా ఒక్కొక్కటే వేసి కలిపితే లోపల ఇమిడిపోయి నున్నగా, లేత రంగులోకి వస్తుంది.

*ఇప్పటిదాకా: నిమ్మకాయలు 23, గుడ్లు 15, పంచదార 590 గ్రా., ప్యాకెట్ వెన్న 305 గ్రా., ఇంటి వెన్న 25 గ్రా.*

తొక్క తురుము, చేదు

నిమ్మ వాసన ఎక్కువగా ఉండేది తొక్కలోని నూనెలో. పెద్ద లెమన్‌కి తొక్క మందం కాబట్టి గ్రేటర్ పెట్టి ధైర్యంగా లాగొచ్చు. కాగ్జీ తొక్కకి రెండోసారి లాగితే తెల్ల పొర వచ్చేస్తుంది, చేదంతా దాంట్లోనే. కుదిరిన కొలతతో వాయి చేసి, మూడు గిన్నెల్లో పోసి, వేడిగా ఉండగానే ఇలా కలిపాను.

1. తురుము ఏమీ లేకుండా
2. నిమ్మ తొక్క తురుము పావు చెంచా
3. దబ్బకాయ తొక్క తురుము పావు చెంచా

గంట తర్వాత రెండోది అన్నిటికంటే ఘాటుగా, బాగుంది. మర్నాడు అదే చేదెక్కింది. మొదటిది పులుపు తప్ప వాసన లేక చప్పగా అనిపించింది. దబ్బకాయది మర్నాడూ, ఆ తర్వాతా అలాగే నిలిచింది. దబ్బ తొక్క మందం, పైన గరుకు. పై పసుపు పొర ఒక్కటే తేలిగ్గా వస్తుంది, తెల్లభాగం దాకా పోనక్కర్లేదు. పులిహోరలో పిండినప్పుడు వంటిల్లంతా వచ్చే ఆ వాసనే సీసా మూత తియ్యగానే వచ్చింది. ఇంగ్లండ్ కొలతలో లేని వస్తువు ఇది, కానీ మన నిమ్మ తొక్కకి ఉన్న లోటు తీర్చేది నాకు దొరికినంతలో ఇదొక్కటే. దబ్బకాయ దొరక్కపోతే నిమ్మ తొక్కనే తురిమి, పంచదారతో వేళ్లతో నలిపి, ఉడికాక జాలీలో తీసెయ్యండి. కర్డ్‌లో వదిలెయ్యకండి.

*ఇప్పటిదాకా: నిమ్మకాయలు 27, దబ్బకాయ 1, గుడ్లు 18, పంచదార 680 గ్రా., ప్యాకెట్ వెన్న 355 గ్రా.*

చివర్లో కొంత రసం

అమ్మ ఈ పనంతా చూస్తూ మొదటి నుంచీ ఒకటే మాట: "పొయ్యి మీద నిమ్మరసం కాచడమేంటే, దించాక కదా పిండాలి." పులిహోరకైనా, నిమ్మకాయ పప్పుకైనా మన ఇళ్లలో అదే పద్ధతి. కర్డ్‌లో మొత్తం రసం చివర్లో పోస్తే గుడ్డు సరిగ్గా ఉడకదు, పల్చనైపోతుంది. కొంత దాచి పోస్తే?

60 గ్రాముల్లో 45 ఉడికించి, దించి వడపోశాక 15 కలిపాను. తర్వాత వెన్న. జారుడు 3 నుంచి 3.5 అయింది, అంతే. రుచిలో తేడా అడక్కుండానే తెలిసింది. ఉడికిన రసానిది గుండ్రటి, నెమ్మదైన పులుపు. దాని మీద పచ్చి రసం అప్పుడే కోసిన కాయలా చురుక్కుమంది. కళ్లు మూసుకుని రెండూ రుచి చూడమంటే ఇంట్లో అందరూ దీన్నే ఎంచుకున్నారు. అమ్మ మాట కొలతలో చేరిపోయింది.

*ఇప్పటిదాకా: నిమ్మకాయలు 31, దబ్బకాయ అదే, గుడ్లు 21, పంచదార 770 గ్రా., ప్యాకెట్ వెన్న 405 గ్రా.*

కుదిరిన కొలత

నిమ్మరసం 120 గ్రా. (8 కాయలు, 90, 30గా విడదీసి), పంచదార 180 గ్రా., గుడ్లు 2, పచ్చసొనలు 4 (గుడ్డు మొత్తం సుమారు 150 గ్రా.), ఉప్పు లేని వెన్న 100 గ్రా., దబ్బ తొక్క తురుము ఒకటిన్నర చెంచా, చిటికెడు ఉప్పు.

1. పంచదార మిక్సీలో ఒక్క తిప్పు తిప్పి, తొక్క తురుము వేసి, తడిగా అయ్యేదాకా వేళ్లతో నలపండి.
2. స్టీలు గిన్నెలో గుడ్లు, పచ్చసొనలు, ఉప్పు వేసి నురగ ఎక్కువ రాకుండా కలపండి. పంచదార వేసిన వెంటనే కలిపెయ్యాలి. పచ్చసొన మీద పంచదార అలా వదిలేస్తే గట్టి పలుకులు కడుతుంది, అవి మళ్లీ కరగవు.
3. 90 గ్రాముల రసం పోసి కలపండి.
4. మరుగుతున్న నీళ్ల గిన్నె మీద పెట్టి సెగ తగ్గించండి. అడుగు, అంచులు తగిలేలా ఆపకుండా తిప్పండి.
5. 78 రాగానే దించి, వెంటనే వేరే గిన్నెలోకి వడపొయ్యండి. వేడి గిన్నెలో ఉంచేస్తే ఇంకా రెండు మూడు డిగ్రీలు పెరుగుతుంది.
6. మిగతా 30 గ్రాముల రసం కలపండి.
7. 60కి దిగాక వెన్న ముక్కలు ఒక్కొక్కటీ వేసి కలపండి.
8. మరిగించి పూర్తిగా ఆరబెట్టిన గాజు సీసాలోకి పోసి, చల్లారాక మూతపెట్టి ఫ్రిజ్‌లో పెట్టండి.

వచ్చింది 510 గ్రాములు. జారుడు 3.5 సెం.మీ.

*మొత్తం: నిమ్మకాయలు 39, దబ్బకాయ 1, గుడ్లు 27, పంచదార 950 గ్రా., ప్యాకెట్ వెన్న 505 గ్రా., ఇంటి వెన్న 25 గ్రా.*

నిలవ

ఆవకాయలా అలమరలో పెట్టేది కాదు. గుడ్డూ వెన్నా ఉన్నాయి, పులుపు ఎంత ఉన్నా గది వేడికి ఆగదు. ఫ్రిజ్‌లో నేను వారం, పది రోజుల్లోపు అవగొడుతున్నాను. చెంచా ప్రతిసారీ పొడిగా ఉండాలి. కరెంటు ఎక్కువసేపు పోయే రోజుల్లో కొద్దిగా మాత్రమే చేసుకోవడం మేలు.

ఫ్రీజర్ పరీక్ష కూడా అయింది. పంచదార వల్ల రాయిలా గట్టిపడదు, చెంచా దిగుతుంది. చిన్న డబ్బాలో పెట్టి తీసి, రాత్రంతా కింది అరలో ఉంచి చూస్తే జారుడు 4. పైన నీళ్లు చేరలేదు. నిమ్మకాయలు చవగ్గా దొరికే వానాకాలంలో రసం పిండి ఫ్రీజర్‌లో దాచే బదులు ఏకంగా కర్డే చేసి దాచొచ్చు. డబ్బా నిండుగా పొయ్యకండి, గడ్డకడితే కొద్దిగా ఉబ్బి మూత లేస్తుంది.